నొక్కినా పట్టని బటన్

మా చెల్లెలి కారులో క్రూజ్ కంట్రోల్ పని చేయడం మానేసిన వారంలో కనీసం పదిమంది నాకు కారణం చెప్పారు. చెప్పే ముందు ఒక్కరు కూడా కారును సరిగ్గా చూడలేదు.

క్రూజ్ కంట్రోల్ తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. స్టీరింగ్ మీద రెండు మూడు బటన్లు ఉంటాయి. ఒకటి నొక్కితే డాష్‌బోర్డులో చిన్న గుర్తు వెలుగుతుంది. కారు కావలసిన వేగానికి వచ్చాక రెండోది నొక్కితే ఆ వేగాన్ని కారే పట్టుకుంటుంది. ఇక యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనక్కర్లేదు. బ్రేకు తాకగానే ఆ పట్టు వదిలేస్తుంది. చాలామందికి ఇది షోకు. మా చెల్లెలు మాత్రం దీన్ని చూసే ఆ పాత కారు కొన్నది.

ఆమె శ్రీశైలం రోడ్డు మీద ఒక చిన్న పట్నంలో సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. ఛత్రినాకలో మా ఇంటి నుంచి రోజూ వెళ్లి వస్తుంది. రెండేళ్ల కింద స్కూటర్ మీంచి పడి కుడి మడమ దగ్గర ఎముక విరిగింది. ప్లేటు వేశారు. నడుస్తుంది, మెట్లు ఎక్కుతుంది, కానీ ఆ పాదాన్ని ఒకే వంపులో అరగంట ఉంచితే మడమ నిప్పులా మండుతుంది. యాక్సిలరేటర్ అంటే అదే వంపు. గేర్లు మార్చనక్కర్లేని కారు, క్రూజ్ ఉన్న కారు, రెండూ కలిసి దొరికితే ఆమెకు ఉద్యోగం ఉంటుంది. దొరక్కపోతే రెండు బస్సులు మారి, నిలబడి, సాయంత్రానికి కాలు వాచి రావాలి. ఆ బస్సుల ప్రయాణం నెల రోజులు చేసి చూసింది. మళ్లీ చేసేట్టయితే లాంగ్ లీవు పెడతానని, ఆ తర్వాత ఏమవుతుందో తనకే తెలియదని చెప్పింది.

అలాంటి బటన్ ఒక సోమవారం నుంచి పట్టడం మానేసింది. గుర్తు వెలుగుతుంది. వేగం పెట్టబోతే పట్టదు. ఒక్కోసారి పట్టి, గుంత దాటగానే వదిలేస్తుంది.

మా అమ్మ తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది.

"గా బండి మనకు కలిసొస్తలేదు బిడ్డా. కొన్న ఏడాదే అద్దం పలిగింది. ఇప్పుడు ఇది. అమ్మెయ్యి."

"అమ్మా, అద్దం ఆటోవాడు తాకిస్తే పలిగింది. దీనికి దానికి ఏం సంబంధం?" అన్నాను.

"నువ్వు ఊకో. నీకు దేనికి సంబంధం కనవడ్డది గనుక?"

మా మేనమామ ఇంకో అడుగు ముందుకేసి కొనేవాడినే వెతికి పెట్టాడు. ఆయన ఎరిగిన మనిషి ఆదివారం పదకొండింటికి వచ్చి బండి చూస్తాడట. చెల్లెలు కాలు చాపుకుని కూర్చుంది. మడమకు నూనె రాసుకుంటూ, "ఆదివారం లోపల బాగైతే ఉంచుత. కాకుంటే తాళాలు ఇచ్చేస్త. రోజు గీ కాలుతోని నాతోని గాదు అన్నా" అన్నది. నాకు ఆరు రోజులు మిగిలాయి.

మొదట కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. ఏసీ గది, మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు, చేతిలో ట్యాబ్. అతను కారు దగ్గరికి రాకుండానే చెప్పాడు: స్టీరింగ్ మీది స్విచ్ సెట్ మార్చాలి. దానితో తగ్గకపోతే స్టీరింగ్ లోపల చుట్టుకుని ఉండే కేబుల్ మార్చాలి. దానితోనూ తగ్గకపోతే కంప్యూటర్.

"ఏది పాడైందో చూసి మార్చవచ్చు కదా?" అని అడిగాను.

"సార్, జనరల్‌గా స్విచ్చే ఉంటుంది."

"జనరల్‌గా కాదు, ఈ కారులో ఏది?"

"మార్చి చూస్తే తెలుస్తుంది సార్."

ఈ మాట నేను ఇంతకు ముందు ఎక్కడో విన్నాను అనుకుంటూ బయటికి వచ్చాను. ఎక్కడో కాదు, వందసార్లు విన్నాను. యవ్వనంలో మేము కొందరం ఊరూరా తిరిగి విభూతి బాబాలతో వేదికల మీద వాదించేవాళ్లం. వాళ్ల పద్ధతీ ఇదే. ముందు ఈ తాయెత్తు కట్టు. తగ్గకపోతే ఆ గుడికి వెళ్లు. అక్కడా తగ్గకపోతే నీ కర్మ. తగ్గితే ఘనత బాబాది, తగ్గకపోతే తప్పు రోగిది. ఒక్కసారి కూడా ఓడిపోయే వీలు లేని మాట ఎవడైనా చెబితే వాడికి విషయం తెలియదని అర్థం. వాడి ఒంటి మీద కాషాయం ఉందా కంపెనీ టీషర్టు ఉందా అన్నది నాకు అనవసరం.

తర్వాత మా గల్లీ చివరి మెకానిక్. మంచివాడు, ఇంజను పనిలో దిట్ట. కరెంటు పని అనేసరికి అతని ముఖంలో ఒక భక్తి వస్తుంది. స్టీరింగ్ బటన్ల సందుల్లో ఏదో స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, "అయిపోయింది సార్, దుమ్ముండె" అన్నాడు. మర్నాడు ఫలక్‌నుమా బ్రిడ్జి దాటి హైవే ఎక్కాక క్రూజ్ నిజంగానే పట్టింది. పదిహేను నిమిషాలు పట్టి, వదిలేసింది. నేను అతని దగ్గరికి వెళ్లి చెబితే, "చూసిండ్రా, పదిహేను నిమిషాలు పట్టింది! ఇంకోసారి కొడితే మొత్తం బాగైతది" అన్నాడు. అప్పుడప్పుడు తనంతట తానే పట్టే బటన్‌కు మధ్యలో ఎవరు స్ప్రే కొట్టినా, ఎవరు కొబ్బరికాయ కొట్టినా వాడే వైద్యుడవుతాడు. ఇది చెప్పబోతే అతను టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

ఇంత ఒళ్లు మండిన మనిషికి సొంతంగా ఒక కారణం ఉండాలి కదా. నాకు ఉంది. దసరాకు మా అమ్మ ఆ కారుకు ఆయుధపూజ చేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఊరుకుంటే నాకు బాధ లేదు. స్టీరింగ్ నడుమ తడి పసుపు పూసి, దాని మీద చందనం, ఆ పైన కుంకుమ పెట్టింది. సరిగ్గా బటన్ల పక్కన. ఆ తడి లోపలికి దిగి ఉంటుంది, కుంకుమ పొడి సన్నటి రేకుల మధ్య చేరి ఉంటుంది, కరెంటు దారి తప్పుతోంది. నాకు ఇందులో సందేహమే కలగలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆ మాటే అన్నాను.

"నీ పూజే ముంచింది అమ్మా."

"అవ్‌రా. మా నాయిన ముప్పై ఏండ్లు సర్కారు లారీ నడిపిండు, ఏటేటా పూజ చేసిండు. గప్పుడు మునగలే. నీ చెల్లె బండికే మునిగిందా?"

"తాత లారీకి స్టీరింగ్ మీద బటన్లు లేవు."

"గట్లయితే తప్పు బటన్లు పెట్టినోనిది."

చెల్లెలు కంచం తీసుకుని లేచి, "మీరిద్దరు ఇట్లనే కొట్లాడుండ్రి, ఆదివారం వస్తది" అని లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఎవరో పురానాపూల్ దగ్గరి ఒక ఎలక్ట్రీషియన్ సంగతి చెప్పారు. కార్ల కరెంటు పని తప్ప మరేదీ ముట్టడట. శనివారం పొద్దున్నే వెళ్లాను. వంతెనకు ఇవతల ఇరుకు షెడ్డు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, నెత్తిన టోపీ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. గోడ మీద ఫ్రేము కట్టిన అరబ్బీ ప్రార్థన, ఒక దువా, దాని కింద కరెంటు కొలిచే మీటర్లు మూడు మేకులకు వేలాడుతున్నాయి. కారు ముందు భాగంలో మా అమ్మ కట్టిన నిమ్మకాయ మిరపకాయలు చూసి ఆయనా, గోడ మీది దువా చూసి నేనూ, ఇద్దరం ఒకేసారి చూపు తిప్పుకున్నాం.

"ఏమైతుంది సార్?" అని అడిగాడు.

"కుంకుమ పోయింది భాయ్, స్విచ్చులోకి."

"గది మీరు చెప్తున్నరు. బండి ఏం చెప్తుంది? బటన్ నొక్కితే గుర్తు వెలుగుతుందా?"

"వెలుగుతుంది."

"హారన్ మోగుతుందా?"

"మోగుతుంది."

"స్టీరింగ్ తిప్పినప్పుడు పోతుందా, గుంతల పడ్డప్పుడు పోతుందా?"

ఆ ప్రశ్న వారం రోజుల్లో ఎవరూ అడగలేదు. "గుంతల్లో" అన్నాను. ఆయన తల ఊపి బ్యాటరీ వైరు తీసేశాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌ను అలా తీశాక కాసేపు ఆగి ముట్టాలట. ఆ కాసేపు ఆయన ఒక బీడీ కాల్చాడు. నేను గడియారం చూశాను.

స్టీరింగ్ నడుమ మూత తీశాక అంచున నిజంగానే ఎర్రటి పొడి కనబడింది. నేను వేలితో తీసి ఆయన ముందు పెట్టాను. వాదన గెలిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది నా ముఖం.

"ఉన్నది సార్, కాదన్న" అన్నాడు ఆయన. "జర ఆగుండ్రి. కొలుద్దాం."

నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. బటన్లన్నిటికీ కలిపి రెండే తీగలు. ఏ బటన్ నొక్కారో కారు కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందంటే, ఒక్కో బటన్ కింద ఒక్కో రకం అడ్డు ఉంటుంది. ఒకటి నొక్కితే కొంచెం అడ్డు, ఇంకోటి నొక్కితే ఎక్కువ అడ్డు. దాన్ని మీటరు అంకెల్లో చూపిస్తుంది. కుంకుమ లోపలికి పోయి ఉంటే ఆ అంకెలు తప్పాలి, లేదా ఊగాలి. ఆయన ఒక్కో బటన్ నొక్కి ఒక పాత బుక్కులోని అంకెలతో సరిచూశాడు. మళ్లీ నొక్కాడు. పది సార్లు నొక్కాడు. అంకె రాయిలా నిలబడింది.

"స్విచ్ సాఫ్, ఏం పాడుగాలే" అన్నాడు.

"ఇంకోసారి చూడండి భాయ్."

"ఎన్నిసార్లన్న చూస్త. మీటర్ ముంగట నా మాటనే నడ్వదు సార్. మీ మాట ఎట్ల నడుస్తది?"

తర్వాత స్టీరింగ్ లోపలి కేబుల్. మీటరు తగిలించే ఉంచి స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పించాడు. నేను తిప్పుతుంటే ఆయన అంకెను చూశాడు. కదల్లేదు. సర్వీసు సెంటరు మార్చమన్న రెండు సామాన్లూ నిక్షేపంగా ఉన్నాయి. మధ్యలో నమాజుకు వెళ్లాడు. పని సగంలో వదిలి పోవడమేమిటని నాలో నేను గొణుక్కున్నాను. తిరిగి వచ్చి, వదిలిన తీగ దగ్గరి నుంచే, వదిలిన అంకె నుంచే మొదలుపెట్టాడు. నేనేమో పొద్దుటి నుంచి అక్కడే కూర్చుని కుంకుమ దగ్గరి నుంచి ఒక్క అంగుళం కదల్లేదు.

"ఇగ బ్రేక్ స్విచ్" అన్నాడు.

"అది బాగానే ఉంది. బ్రేకు తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయి. తీస్తే ఆరిపోతున్నాయి. నేనే చూశాను."

ఆయన నవ్వాడు. "సార్, గా స్విచ్చుల రెండు జతలుంటయ్. ఒకటి లైటుకు. ఇంకోటి క్రూజ్ వదిలెయ్యనీకి. లైటు మంచిగున్నదని రెండోది మంచిగుండాలని ఏం లేదు. తలుపుకు రెండు గొళ్లాలుంటే ఒకటి పడితే రెండోది పడ్డట్టేనా?"

జీవితమంతా పక్కవాడి తర్కంలో పగుళ్లు వెతికిన నాకు ఆ మాట సూటిగా తగిలింది. లైటు వెలిగింది కనుక స్విచ్ మంచిది అనుకున్నాను. చూసిన సగం బట్టి చూడని సగానికి తీర్పు ఇచ్చాను.

ఆయన బ్యాటరీ తగిలించి, కారు కంప్యూటర్ ఏమనుకుంటోందో చదివే చిన్న యంత్రం పెట్టాడు. నా కాలు బ్రేకు మీద లేదు. యంత్రం మాత్రం బ్రేకు తొక్కి ఉందని చూపిస్తోంది. పెడల్‌ను చేత్తో కొంచెం పైకి లాగితే "వదిలారు" అంటుంది. వదిలేస్తే మళ్లీ "తొక్కారు". గుంతల్లో ఎందుకు మారుతోందో అప్పుడు తెలిసింది. పాపం క్రూజ్ తన పని తాను చేస్తోంది. బ్రేకు మీద కాలుందనుకుని పట్టడం లేదు.

ఆయన వెల్లకిలా పడుకుని తల పెడల్ కిందికి పెట్టాడు. టార్చి వెలుగులో గొంతు మాత్రం వినబడింది.

"సార్, ఇక్కడ రబ్బర్ గుండీ అరిగిపోయింది. పెడల్ వదిలినప్పుడు స్విచ్ మొనను నొక్కి పట్టేది గదే. అరిగింది గనుక మొన సగం బయటికొస్తుంది." కొంచెం ఆగాడు. "కానీ ఇది ఇయ్యాల అరిగింది గాదు. ఎవరో దీనిమీద దారం చుట్టి గమ్ పెట్టిండ్రు, మందం కోసం. మస్తు హుషార్ పని. మళ్ల ఎవరో కోసేసిండ్రు. బ్లేడుతోని. పోగులు ఇంక అంటుకోనే ఉన్నయ్."

నేను షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. ఎండ వంతెన మీద పడుతోంది, బస్సులు పోతున్నాయి.

కోసింది నేను.

మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. ఎప్పుడో మా అమ్మ గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ నేను తీసి పారేస్తే ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు చెల్లెలు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది: అమ్మ కట్టుకున్నది నువ్వు విప్పొద్దు, నా బండిలో ఏది ముట్టాలన్నా నన్ను అడగాలి. సరేనన్నాను. ఈ గొడవకు ముందు ఆదివారం కారు కడుగుతుంటే పెన్ను కింద పడింది. వంగి చూస్తే బ్రేకు కాడకు నల్లదారం. అద్దానికి ఒకటి, ముందు బంపరుకు ఒకటి ఎలాగూ ఉన్నాయి. బ్రేకుకు కూడానా అని రక్తం పొంగింది. మూఢనమ్మకం ఇంత లోపలికి పాకిందా అనుకుని, షేవింగు బ్లేడు తెచ్చి కోసి మోరీలో పారేశాను. ఎవరికీ చెప్పలేదు. చాలా గట్టిగా ఉంది, కోయడం కష్టమైంది. గమ్ వల్ల. దిష్టిదారానికి గమ్ ఎవరు పెడతారు? సాక్ష్యం నా వేళ్లకు అంటుకుంది. చూసుకోలేదు. నల్లదారం కనబడింది, అది చాలు, మిగతాదంతా నాకు ముందే తెలుసు.

లోపలికి వెళ్లి చెప్పాను. "కోసింది నేనే భాయ్. అమ్మ కట్టిందనుకున్నాను."

ఆయన లేచి కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. "ఇగ నుంచి కోసేముందు కింద ఏమున్నదో చూడుండ్రి సార్" అని, డబ్బాలోంచి కొత్త రబ్బరు గుండీ తీసి బిగించి, స్విచ్ మొన సరిచేశాడు. యంత్రం "వదిలారు" అని చూపించింది. బ్రేకు తొక్కమన్నాడు. "తొక్కారు." ఇరవై సార్లు తొక్కించాడు. "ఇక్కడి వరకే నా సాక్ష్యం. వేగం పడుతదా లేదా హైవే మీదనే చూడాలె" అన్నాడు. బాగైపోయిందని మాత్రం అనలేదు.

ఇంటికి వస్తూ దారంతా ఒక్క ఆలోచన. బాగైంది అని మాత్రం చెబితే చాలు. మిగతాది ఎవరికీ తెలియదు. ఛత్రినాక చౌరస్తా దాకా ఆ ఆలోచన నాతోనే ఉంది. కానీ ఆరు రోజులు అందరినీ "చూడకుండా చెప్పొద్దు" అని తిట్టిన నోరు ఇది. వెళ్లగానే ఇద్దరినీ పిలిచి చెప్పేశాను.

చెల్లెలు చేతిలోని నూనె సీసా పక్కన పెట్టింది.

"గది నేను కట్టిన" అన్నది. "ఇంతకుముందు గూడ గిట్లనే పట్టకుంటుండె, పెడల్ పైకి లేపితే పడుతుండె. దవాఖాన కాడ బండి నిలబెట్టి, సీటు మీద అడ్డం పడి, తడుముకుంట కట్టిన. అమ్మ సంచిల దారం రీలుండె. కట్టినంక మంచిగ పట్టింది. ఇంక ఉన్నదనే అనుకుంటున్న."

"మరి మొన్న క్రూజ్ ఆగినప్పుడు ఒకసారి చూడవా?"

"నేను కట్టింది ఎట్ల పోతదన్నా? నువ్వు బ్లేడు పట్టుకొస్తవని కలగన్ననా?" గొంతు పెంచలేదు. "ఊరందరిని ప్రశ్న అడుగుమని చెప్తవ్. నన్ను ఒక్కమాట అడిగితే ఏమైతుండె?"

అప్పటిదాకా నోరు తెరుచుకుని వింటున్న మా అమ్మకు మాట దొరికింది.

"నేను చెప్పలే? దారం తీస్తే మంచిగుండదని ఎన్నిసార్లు చెప్పిన? చూసినవా, తీసినవ్, బండి ఆగింది!"

"అమ్మా, అది దిష్టిదారం కాదు. మందం. మందం తగ్గింది. దారం బదులు గుడ్డ పేలిక కట్టినా పట్టేది."

"నల్లదారమే గద?"

"నల్లదే, కానీ..."

"నువ్వు తీసినంకనే ఆగింది గద?"

"అవును, కానీ..."

"ఇగ కానీ ఏంది?"

యవ్వనమంతా వేదికల మీద నిలబడ్డాను. ఇంత బలమైన ప్రతివాది నాకు ఎప్పుడూ తగల్లేదు. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం, ఆమె తేల్చిన విషయం అబద్ధం, ఆ రెంటినీ విడదీసే కత్తి నేనే మొద్దు చేసుకున్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి చెల్లెలు తాళాలు తీసుకుని, "నువ్వు గూడ రా" అన్నది. చాంద్రాయణగుట్ట దాకా ట్రాఫిక్‌లోనే నెట్టుకొచ్చింది. పహాడీషరీఫ్ దాటాక రోడ్డు తెరుచుకుంది. గుర్తు వెలిగించింది. వేగం ఎనభైకి తెచ్చింది. బటన్ నొక్కి, కుడికాలు యాక్సిలరేటర్ మీంచి తీసింది.

వేగం తగ్గలేదు. ఒక గుంత వచ్చింది. తగ్గలేదు. ఇంకో గుంత. సూది అక్కడే ఉంది. ఆమె కాలును మెల్లగా ముందుకు జరిపి, అరికాలు మొత్తం కింది మ్యాట్ మీద ఆనించి, మడమను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పింది. తర్వాత సీటుకు వెనక్కి ఆనుకుంది. వెనక్కి తిరగాల్సిన చోటు వచ్చింది. తిరగలేదు.

అప్పుడే నా ఫోను మోగింది. మేనమామ. చెల్లెలు స్పీకరు పెట్టమంది.

"ఏం రా అల్లుడా, బండి కడిగి పెట్టిండ్రా? ఆయన పదకొండింటికి బయలెల్లుతడు."

"రావొద్దని చెప్పు మామా. అమ్ముతలేము. బాగైంది."

"బాగైందా? మరి ఏమైండెనట?"

చెల్లెలి వైపు చూశాను. రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా పెదవి బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"ఒక దారం ఉండె మామా. నేను కోసిన."

"అయ్యో! కట్టిన దారం ఎవరన్న కోస్తార్రా? గింత సదువుకోని!"

"మామా, అది ఆ దారం కాదు. ముందు నేను చెప్పేది విను..."

"చెప్పు చెప్పు, పూర్తిగ చెప్పు" అన్నది చెల్లెలు. "దవాఖాన దాక పోయి వద్దాం. మస్తు టైముంది."